చలపతి గారి తెరచాప

తెరచాపలు కుట్టే పనిలో చేరాలనుకునేవాళ్ళు ముందు బూజు వాసన అలవాటు చేసుకోవాలి. ఫొటోల్లో తెల్లగా, కడుపునిండా గాలి పట్టి కనిపించే చాప మా దగ్గరకి వచ్చేసరికి తడిసి, మడతల్లో నల్లమచ్చలు పడి, పక్షిరెట్టలతో ఉంటుంది. దాన్ని నేలమీద పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ చిరుగులు వెతకాలి. నా మోకాళ్ళు రెండూ అక్కడే పోయాయి. వేళ్ళ చివర్లు మొద్దుబారి, పాలు వేడెక్కాయో లేదో ఇప్పుడు వేలు పెట్టి చెప్పలేను.

ఇది రాయమన్నది సియాటెల్ పక్కన మా బాతెల్‌లో ఒక తెలుగువాళ్ళ అమ్మాయి. కాలేజీ ఆపేసి ఈ పనిలో చేరతానంటోంది. "ఆంటీ, నువ్వు బోట్స్ మీద వర్క్ చేశావు కదా. కూల్‌గా ఉంటాదా?" అని అడిగింది. వెనకనుంచి వాళ్ళమ్మ నాకు వద్దని చెప్పమంటూ చేత్తో సైగ చేస్తోంది. ఉన్నది ఉన్నట్టు రాసిస్తానన్నాను. ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు, వాళ్ళమ్మే చదివి వినిపించాలి. ఇద్దరికీ ఒకేసారి చెప్పినట్టవుతుంది.

నాకు అక్షరాలు నలభై ఏళ్ళు దాటాక వచ్చాయి. ముందు ఇంగ్లీషు, లైబ్రరీలో పెద్దవాళ్ళకి చెప్పే క్లాసులో. తెలుగు ఇంకా ఆలస్యం. ఆదివారం తెలుగు బడిలో ఆరేడేళ్ళ పిల్లల పక్కన కూర్చుని దిద్దుకున్నాను. పెద్ద పెద్ద మాటలు నా దగ్గర లేవు.

డోరిస్

మాది విశాఖకి పైనున్న సముద్రపొడ్డు ఊరు. మా నాన్న చేపల వేటకి వెళ్ళేవాడు, అమ్మ ఆయన పడవకి నూలుగుడ్డతో చాప కుట్టేది. పెళ్ళయ్యాక మా ఆయన ఓడల్లో వంటపనికి కుదిరాడు. ఆయన అన్న ద్వారా ఇద్దరం ఈ దేశం వచ్చాం. ఆయన అలాస్కా చేపల పడవల మీద వంట చేయడానికి పోతే నెలల తరబడి నేనొక్కదాన్నే. ఆ రోజుల్లో సియాటెల్‌లో కాలువ పక్కన ఒక షెడ్డులో తలుపు తీసి ఉంటే లోపలికి తొంగిచూశాను. నేలంతా చాపలు. గుండీలు లేని కోటు వేసుకున్న ఒక ముసలావిడ సూదితో కుస్తీ పడుతోంది. సూది నా చేతికిమ్మని సైగ చేశాను. నాలుగు కుట్లు వేసి చూపించాను. ఆవిడే డోరిస్, ఆ షెడ్డు యజమాని.

డోరిస్‌ని మంచిమనిషి అనను. పని లేని రోజున మధ్యాహ్నానికే ఇంటికి పొమ్మనేది, జీతం కోసేది. ఒక్కసారి కూడా బాగుందన్న మాట ఆవిడ నోట వినలేదు. కానీ ఆవిడ చాపని నేలమీద పరిచి, బూట్లు విప్పి, మేజోళ్ళతో దాని మీద నడిచి, ఎక్కడ గుడ్డ బిగిసిందో ఎక్కడ వదులైందో పాదాలతో చెప్పేది. అలాంటివాళ్ళ దగ్గర పని నేర్చుకోండి. ప్రేమగా మాట్లాడేవాళ్ళు ఇంటి దగ్గర ఉంటారు.

ఆవిడ మాకు ఒకే నియమం పెట్టింది. "వచ్చినవాళ్ళు గుడ్డ గురించి అడిగితే చెప్పు. సముద్రం గురించి అడిగితే నాకు తెలీదను." ఎందుకో చేరిన ఏడాదికే అర్థమైంది. పడవలవాళ్ళు మమ్మల్ని డాక్టర్లని అడిగినట్టు అడుగుతారు. వెళ్ళొచ్చా, ఈ చాపతో దాటగలనా, ఈ వయసులో కుదురుతుందా. మనం ఊ అంటే ఆ ఊ పట్టుకుని పోతారు.

డోరిస్ తప్పులూ చూశాను. రిటైరైన ఒక టీచరమ్మ, సన్నటి మనిషి, ఒంటరిగా పడవ నడిపేది. పడవ కొలతలకి అంగుళం తేడా లేకుండా డోరిస్ చాప కోసింది. అందమైన చాప. ఆ ఎండాకాలం అయిపోగానే టీచరమ్మ దాన్ని మడిచి తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. ఏమీ అనలేదు. తర్వాత తెలిసింది, దాన్ని కిందికి గుంజే బలం ఆవిడ చేతుల్లో లేదని. ఆ పడవ అమ్మేసింది. డోరిస్ మాత్రం, "కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి" అంది. ఉన్నాయి మరి. ఆవిడ చేతులే ఎవరూ చూడలేదు.

అప్పటినుంచి చాప కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషి చేతికీ ముందు ఒక తాడుముక్క ఇచ్చేదాన్ని. ముడి వెయ్యండి అనేదాన్ని. వాళ్ళు సిగ్గుపడుతూనో గొప్పగానో వేసేవాళ్ళు. నేను వేళ్ళు చూసేదాన్ని.

గుంటలో పడవ

చలపతి గారిది మా బాతెలే. సాఫ్ట్‌వేర్‌లో చేసి, అరవై రాగానే మానేశాడు. ఏళ్ళ తరబడి శని ఆదివారాలు సరస్సు మీద పడవ నడపడం నేర్చుకున్నాడు. ఎప్పుడూ నవ్వుతూ నవ్వించే మనిషి. తెలుగువాళ్ళ వనభోజనాల్లో నన్ను పట్టుకుని, "రత్నం గారూ, ఫిజీలో ఒక బోట్ కొన్నాను. మీరే వచ్చి చాప బిగించాలి. ఇంకొకరైతే నాకు ఇంగ్లీషులో తిట్లు పడతాయి" అన్నాడు. నా పూర్తి పేరు నూకరత్నం. ఆయన ఒక్కడే దాన్ని చివరి సగంతో పిలిచేవాడు.

పని ఒప్పుకున్నాం. కొలతలు తెప్పించి, పెద్ద చాప సగం సియాటెల్‌లో కుట్టాం. మూలలు, కుదించే తాళ్ళు అక్కడికెళ్ళి పడవ మీద చూసుకుని కుట్టాలి. ఆయన భార్య సుగుణతో కలిసి ముందే వెళ్ళాడు. నేను తర్వాత గుడ్డ మూటతో, చిన్న కుట్టుమిషన్‌తో ఫిజీలో దిగాను.

విమానం తలుపు తీయగానే వేడి తడిగుడ్డలా మొహానికి అంటుకుంది. మట్టి, గింజలు ఏమైనా తెచ్చానేమోనని ఆఫీసరు మూట విప్పించాడు. విప్పేకొద్దీ గుడ్డ వస్తూనే ఉంది. "ఇంత దుప్పటి ఎవరికమ్మా?" అని హిందీలో అడిగాడు. టాక్సీ నడిపినతను మనవాళ్ళ సంతతే. వాళ్ళ ముత్తాతని చెరకు తోటలకి తీసుకొచ్చారట. తెలుగులో ఆయనకి మిగిలింది రెండే మాటలు, 'నీళ్ళు', 'రా'. దారి పొడుగునా ఆ రెండూ చెబుతూనే ఉన్నాడు.

పడవలు బాగుచేసే బోట్ యార్డ్‌లో నాకు ముందు పడవ కనపడలేదు. అక్కడ తుపాన్ల కాలంలో పడవలు దొర్లిపోకుండా నేలలో గుంటలు తవ్వి, అడుగుభాగాన్ని వాటిలోకి దించి, చుట్టూ పాత టైర్లు కుక్కుతారు. చలపతి గారి పడవ ఇంకా గుంటలోనే ఉంది. సగం పాతిపెట్టినట్టు ఉంది చూడ్డానికి. గుంట అడుగున వాననీళ్ళు, వాటి మీద దోమలు.

పక్కనే మడతకుర్చీలో సుగుణ కూర్చుని ఉంది. "రండక్కా. మా ఆయన ఇంటర్నెట్‌లో చూసి కొన్నది దీన్నే. ఫొటోలో నీళ్ళ మీద ఉంది" అంది.

"సుగుణా, ఆ ఫొటో తీసినప్పుడు నువ్వూ నేనూ కూడా ఇలా లేంలే" అన్నాడు చలపతి గారు పైనుంచి.

పడవ సిద్ధం చేయడమంటే అందరూ తెరచాప ఎత్తడమే అనుకుంటారు. అక్కడ మేం చేసిందంతా గీకడం, కడగడం, ఊడదీయడం. లోపల చెక్కలన్నీ బూజు. పైపులు కుళ్ళాయి. ఇంజన్‌లో బురద. చాప కట్టే స్తంభాన్ని నిలబెట్టే ఇనపతీగెలు యార్డ్‌లో పనిచేసే సైమోని చూశాడు. ఆ ఊరివాడే, పెద్దగా మాట్లాడడు. ఒక్కో తీగెనీ గోటితో గీరి, పనికిరానిది నేలమీదికి విసిరేసేవాడు. చలపతి గారు పడవ ముందుభాగానికి నిమ్మకాయలు, మిరపకాయలు కడితే చూసి, "ఇవి చేపలకా?" అని అడిగాడు.

"కాదు, మా చుట్టాలకి" అన్నాడు చలపతి గారు.

చేతిలో సమయం తక్కువ. నవంబర్ వస్తే తుపాన్లు. ఆలోపు పడమరకి, ఆస్ట్రేలియా వైపు వెళ్ళిపోవాలి. లేకపోతే పడవని మళ్ళీ ఆ గుంటలోకే దించి, ఇంకో ఏడాది ఆగాలి.

తాడుముక్క

రెండో రోజు పొద్దున చలపతి గారి చేతికి తాడిచ్చాను.

"పరీక్షా? నేను ఇంటర్వ్యూలు మానేసి చాలా కాలమైందండీ" అన్నాడు. ఎడమచేత్తో తీసుకున్నాడు. కుడిచెయ్యి జేబులోనే ఉంది. ఒంటిచేత్తో, పంటితో ముడివేసి చూపించాడు. "ఎలా ఉంది?"

"రెండు చేతులతో వెయ్యండి బాబూ."

"కాఫీ ఎక్కువైంది ఇవాళ. రేపు."

రేపు అంటే రేపు రాలేదు. నేను అడగనూ లేదు. కానీ చాప మూలని పట్టుకోమన్నప్పుడు గుడ్డ అంచు ఆయన వేళ్ళ మధ్య సన్నగా వణకడం చూశాను. గాలి లేదు అప్పుడు.

ఆ సాయంత్రం నేను కొళాయి దగ్గర మిషన్ తుడుచుకుంటుంటే సుగుణ వచ్చింది. సుగుణ కూడా సాఫ్ట్‌వేర్‌లోనే చేసింది, తప్పులు పట్టే పని.

"చూసేశారు కదా" అంది.

నేను తుడవడం ఆపాను.

"పార్కిన్సన్స్ అన్నారు. నిరుడు తెలిసింది. ముప్పై ఏళ్ళు బగ్స్ వెతికిన దాన్ని, ఇంట్లో మనిషిలో పట్టలేకపోయాను. వణుకు కొంచెమే, చేతిలో పట్టు పోలేదు, గట్టిగానే పడుతోంది అంటాడు. నా ముందు చెంచా కూడా ఎడమచేత్తోనే. అలవాటు చేసుకుంటున్నానంటాడు."

"ఎవరికీ తెలీదా అమ్మా?"

"ఎలా చెప్తాం? అమ్మాయికి కాలిఫోర్నియాలో శాన్ రామన్ సంబంధం మాట్లాడుతున్నాం. వాళ్ళు మంచివాళ్ళే. కానీ తండ్రికి ఇలాంటిదని తెలిస్తే, వంశంలో ఉందేమో అని ఒక ముసలమ్మైనా అంటుంది కదా. మా డాక్టరుకి, మాకు తప్ప తెలీదు. ఇప్పుడు మీకు."

అసలు మాట అప్పుడు చెప్పింది.

"అక్కా, చాప కొంచెం లేటు చెయ్యండి. నవంబర్ వచ్చేస్తే పోలేడు. వచ్చే ఏడాదికి ఆ చెయ్యి ఎలాగూ... అప్పుడు తనే మానేస్తాడు. ఈ ఒక్క సీజన్ దాటిస్తే చాలు. ఆయన నడిసముద్రంలో ఆ చెయ్యితో... నేను పక్కనుంటాను కానీ నాకు వాంతులు తప్ప ఏం చేతనవును?"

ఇలాంటిది మీకూ ఎదురవుతుంది. పడవ ఒకరిది, ప్రాణం ఇద్దరిది. చాప చేయించుకునేది ఒకరు, దాన్ని చూసి భయపడేది ఇంకొకరు. నేను సుగుణతో చెప్పిన మాట ఇది: "అమ్మా, ఆయన్ని ఆపాలంటే నువ్వు ఆపు. నా సూదితో ఆపించకు. పని ఆలస్యం చేసి మనుషుల ఏళ్ళు తినేసేవాళ్ళని నేను చూశాను. నాకది చేతకాదు."

"మీకేం తెలుసు. మీ ఆయన సముద్రం మీదనుంచి తిరిగొచ్చాడు కదా" అంది. అని వెళ్ళిపోయింది.

మా ఆయన తిరిగొచ్చాడు. నిజమే.  ఆ తర్వాత సుగుణ నాకు టీ పంపడం మానేసింది. ఎదురుపడితే తలూపేది.

నేను పనిలో పడ్డాను. గాలి పెరిగితే చాపని సగానికి, ఇంకా సగానికి కుదించాలి. ఆ తాళ్ళన్నీ మామూలుగా స్తంభం దగ్గర ఉంటాయి, అక్కడిదాకా పాకాలి. వాటిని వెనక్కి, ఆయన కూర్చునే చోటికి తెచ్చాను. తాళ్ళు దూరే ఉంగరాలు పెద్దవి వేశాను. తాడు చివర్ల మెత్తటి ఉచ్చులు వేశాను, వేళ్ళు సరిగ్గా ముడవకపోయినా పిడికిలి దూరేటట్టు. మూలల్లో చేత్తో, అరచేతికి తోలుపట్టీ తొడుక్కుని, ఒక్కో పొరా కుట్టాను. చెప్పుకోకూడదు కానీ అలాంటి చాప అంతకుముందు నేను కుట్టలేదు.

ఆ ఉదయం

పడవని గుంటలోంచి లేపి నీళ్ళలో దించారు. అక్టోబర్ సగమైంది. పరీక్షకి లోపలి నీళ్ళలో ఒక పొద్దు తిప్పి రావాలి. పగడపు దిబ్బలు అడ్డుగా ఉంటాయి కాబట్టి అక్కడ అల పెద్దగా రాదు. సుగుణ ఊళ్ళోకి బియ్యం, పప్పులు కొనడానికి వెళ్ళింది. పడవలో చలపతి గారు, సైమోని, నేను.

మబ్బు పట్టిన పొద్దు. చాప ఎక్కించాం. నేను కింద వెల్లకిలా పడుకుని దాన్నే చూస్తున్నాను. గాలి తగిలి, ఒకసారి దులుపుకుని, నిండింది. ముడత లేదు. కుట్లన్నీ ఒకే తీరుగా బిగిశాయి. పడవ పక్కకి వాలి, నీటిని చీల్చుకుంటూ కదిలింది. 

దిబ్బల మధ్య గండి కనిపించేచోట గాలి పెరిగింది. సైమోని లేచాడు కుదించడానికి.

"కూర్చో" అన్నాడు చలపతి గారు. "నేను చేస్తాను. మీరిద్దరూ ముట్టుకోవద్దు."

తాడు అందుకున్నాడు. మొదటిసారి కొంచెం వచ్చింది. రెండోసారి తాడు ఆయన చేతిలోంచి పాములా జారిపోయింది. ఉచ్చులో పిడికిలి పెట్టి మళ్ళీ లాగాడు. పిడికిలి ఉచ్చులోనే ఉంది కానీ బిగుసుకుని, తెరుచుకోవడం లేదు. చాప దబదబా కొట్టుకుంది. పడవ తలతిప్పి గాలికెదురు నిలబడింది. సైమోని వచ్చి, ఒక్కమాట అనకుండా, ఆయన వేళ్ళని ఒక్కొక్కటిగా ఉచ్చులోంచి తీశాడు. తర్వాత చాప దించేశాడు.

చాలాసేపు ఊరికే తేలుతూ ఉన్నాం.

"రెండు నెలల కింద లాగాను" అన్నాడు చలపతి గారు. "సరస్సు మీద. గాలి ఇంతే ఉంది."

"సైమోనిని తోడు తీసుకెళ్ళండి బాబూ. నడిపే మనుషులు దొరుకుతారు."

"ఇంకొకడు నడుపుతుంటే నేను సామానుని, రత్నం గారూ." ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు సాపు చేసుకుంటున్నాడు. "అయిపోయింది. నాకు తెలుస్తోంది. ఒకటి అడగాలి మిమ్మల్ని. అడగకూడదు, అడుగుతున్నాను. చాప బాగాలేదని చెప్పండి."

నాకు అర్థం కాలేదు.

"కోత తప్పింది, సియాటెల్‌కి పంపాలి, ఈ సీజన్‌కి కుదరదు అనండి. బాతెల్‌లో హాల్ తీసుకుని, కేక్ కోసి, శాలువా కప్పి పంపించారు మమ్మల్ని. వెళ్ళకుండా వస్తే ఎందుకని అడుగుతారు. చెయ్యి అని తెలిస్తే శాన్ రామన్‌దాకా పోతుంది. చాప అంటే ఎవరూ రెండో ప్రశ్న అడగరు."

"సుగుణమ్మకి నిజం చెప్తారు కదా?"

"ముఖ్యంగా ఆమెకే చెప్పకూడదు. ఈ చేతిలో పట్టు ఇంకా ఉందనుకుంటోంది. పోయిందని తెలిస్తే ఇవాళే ఏడుపు మొదలవుతుంది. పిల్ల పెళ్ళిదాకా ఆమెని నవ్వనివ్వండి."

"నా పేరు పోతాది బాబూ."

"పోతుంది" అన్నాడు.

అంతే. బతిమాలలేదు. బతిమాలితే కాదనేదాన్నేమో.

చెడ్డపేరు

యార్డ్‌కి వచ్చాక సుగుణ ముందు నేనే చెప్పాను. చాపకి గాలి పట్టే కడుపు రావాల్సిన చోట రాలేదు, వెనకంచు కొట్టుకుంటోంది, ఇక్కడ బాగుచేసేది కాదు, తప్పు మాదే అన్నాను. చలపతి గారు నా మీద కొంచెం కోప్పడ్డట్టు నటించాడు. "ఇంత దూరం తీసుకొచ్చి ఇదాండీ" అన్నాడు. సైమోని తలొంచుకుని తాళ్ళు చుట్టుకున్నాడు.

సాయంత్రం సుగుణ టీ పట్టుకుని కొళాయి దగ్గరకి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

"నా మాట విన్నారు. జన్మలో మర్చిపోనక్కా. ఆయనకి మాత్రం తెలియనివ్వకండి."

నేను అడ్డంగా తలూపబోయాను. కాదంటే ఏమిటని అడుగుతుంది. ఆయనకి మాటిచ్చి రోజు కూడా దాటలేదు. టీ తాగాను.

చాప నాతోపాటు సియాటెల్ వచ్చింది. డోరిస్ దాన్ని నేలమీద పరిపించి, బూట్లు విప్పి, ఈ మూలనుంచి ఆ మూలకి నడిచింది. మళ్ళీ నడిచింది.

"దీన్లో తప్పేమీ లేదు" అంది.

"కోత తప్పింది" అన్నాను.

"నూకా, నేను గుడ్డ గురించి అడుగుతున్నాను."

"గుడ్డ గురించే చెప్తున్నాను."

నావైపు చూసి బూట్లు తొడుక్కుంది. ఆ తర్వాత నన్ను ఏ దేశానికీ పంపలేదు. కొత్త చాప కోసే బల్ల దగ్గరకి రానివ్వలేదు. రిటైరయ్యేదాకా పడవలకి కప్పే పట్టాలు, సీట్ల గలీబులు కుట్టాను. డోరిస్ ఆ చాపని కొంచెం చిన్నది చేసి ఇంకెవరికో అమ్మింది. లోపముందని అది తిరిగి రాలేదు. బాతెల్‌లో మాత్రం, చలపతి గారి ప్రయాణం చెడగొట్టింది ఈవిడే అని కొత్తవాళ్ళకి నన్ను పరిచయం చేసేవాళ్ళు. నవ్వుతూనే అనేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

పనిలో పేరు ముఖ్యం కాదని చెప్పేవాళ్ళని నమ్మకండి. ముఖ్యమే. పోతే నొప్పిగానే ఉంటుంది, మంచి కారణానికి పోయినా సరే.

సుగుణ మళ్ళీ వచ్చింది

శాన్ రామన్ సంబంధం కుదిరింది. పెళ్ళిలో కన్యాదానం నీళ్ళు పోస్తూ సుగుణ రెండో చేత్తో ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. పీటల దగ్గరున్న మేం చూశాం. ఆ తర్వాత జబ్బు దాచలేదు, దాగే దశ దాటింది. పడవ అక్కడే ఎవరో కొనుక్కున్నారు. చలపతి గారు కుర్చీలో, తర్వాత మంచంలో కొన్నేళ్ళు ఉన్నాడు. పోయిన చలికాలం పోయాడు.

కర్మలన్నీ అయ్యాక సుగుణ ఒక్కతే మా అపార్ట్‌మెంట్‌కి వచ్చింది. టీ పెట్టాను.

"మీతోనే మాట్లాడగలను అక్కా ఈ మాట. ఆయన ప్రయాణం చంపింది నేను. మీరు నా మాట విని చేశారు. చెరిసగం పాపం మనది." కప్పు పట్టుకుని తాగడం లేదు. "మంచంలో పడ్డాక ఒక్కోసారి ఏడ్చేదాన్ని ఆయన పక్కన కూర్చుని. నీ తప్పేం లేదు సుగుణా అనేవాడు. ఎలాగో తెలిసిపోయిందనుకున్నాను. తెలిసి కూడా ఒక్కమాట అనలేదు చూడండి. అంత పెద్దమనసు."

ఆయన పోయాడు. పిల్ల పెళ్ళయింది. ఇచ్చిన మాటకి కాలం తీరిందనుకున్నాను. ఈవిడ చేయని పాపం మోస్తోంది, దించాలి అనుకున్నాను. చెప్పాను. చాప బాగుందని, చెయ్యి పోయిందని, చెప్పమన్నది ఆయనేనని.

సుగుణ కప్పు కింద పెట్టింది. అప్పుడంది: "అంటే ఆయన నన్ను క్షమించలేదన్నమాట."

"క్షమించడానికి ఏముందమ్మా. నువ్వేం చేయలేదు."

"అదే అంటున్నాను. ఇన్నేళ్ళూ నేను దాని మీదే బతికాను. ఎంత చేసినా విసుక్కోకుండా చేశాను. ఇంత చేసినా నన్ను క్షమించినవాడు కదా అని. ఆయన మామూలుగా అన్నాడన్నమాట. నీ తప్పేం లేదని. ఎవరైనా అన్నట్టే." నావైపు చూసింది. "నాకెందుకు చెప్పారక్కా ఇది?"

టీ వేడిచేస్తానని కప్పు అందుకోబోయాను, వద్దంది.

గొంతు మార్చి అడిగింది. "చాప బాగా నిండిందా ఆ రోజు?"

"నిండిందమ్మా. ముడత లేకుండా."

"ఎంత దూరం నడిపాడు?"

"దిబ్బల గండి కనిపించేదాకా. మొత్తం ఆయనే నడిపాడు."

"అప్పుడు ఎలా ఉన్నాడు? మొహం. నవ్వాడా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆ ఇంటికోసం అంతకంటే పెద్దదే చెప్పాను. కానీ నోరు రాలేదు.

"నేను చాపనే చూస్తున్నానమ్మా" అన్నాను. "కుట్లు ఎలా పట్టాయో అని. మొహం చూడలేదు."

సుగుణ తలూపింది. కోటు తొడుక్కుంది. టీ అలాగే ఉంది.

అమ్మాయీ, నువ్వు ఈ పనిలో చేరితే చేరు. నీ చాప ఎక్కించిన రోజున పైకి చూస్తావు, చూడకుండా ఉండలేవు. అది నిండాక మాత్రం ఒకసారి కిందికి కూడా చూడు, దాని కింద కూర్చున్న మనిషి వైపు. తర్వాత ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు.